నిండు ట్యాంకుతో తొందరగా ఆగే బండి

సీతాఫల్‌మండి,
ఆదివారం, గుడి నుంచి వచ్చాక.

చిరంజీవి హదస్సాకు నాయనమ్మ ప్రభువు పేరిట దీవించి రాస్తున్నది.

మేమిద్దరం క్షేమం. డెబ్బై దాటినవాళ్ళు ఈ మాట అంటే కొంత తగ్గించి లెక్కవేసుకోవాలని మీ నర్సింగు చదువులో చెప్పే ఉంటారు. నా మోకాళ్ళు వానకంటే ముందే వాన కబురు చెబుతున్నాయి. తాతయ్యకు ఆకలి బాగానే ఉంది, కోపం అంతకన్నా ఆరోగ్యంగా ఉంది. నువ్వక్కడ కుశలమనీ, డ్యూటీల పేరు చెప్పి భోజనం ఎగ్గొట్టడం లేదనీ అనుకుంటున్నాను. అనుకోవడానికి ఖర్చేమీ లేదు కదా.

మాగాయ సీసా పగలకుండా వెల్లూరు చేరిందని రాశావు, సంతోషం. నీ గదిలో పిల్ల సగం తినేసిందన్నావు. ఈసారి రెండు సీసాలు పంపుతాను, ఒకటి ఆ పిల్ల పేరున. ఫోన్ చేస్తే సరిపోయేదానికి ఉత్తరం ఎందుకని కూడా అడిగావు. మన ఇంట్లో ఫోను మోగితే తాతయ్య దాన్ని స్పీకరులో పెట్టి బల్ల మధ్యన ఉంచుతారు. ఇక అది కుటుంబ ప్రార్థన. ఈసారి నీకు చెప్పాల్సిన సంగతిని ఆయన ఎదుట రెండోసారి చెప్పే ఓపిక నాకు లేదు.

ఇక నువ్వు రెండుసార్లు గీత గీసి అడిగిన ప్రశ్న. తాతయ్యకు మతి తప్పుతోందా, లేనివి ఉన్నట్టు చెబుతున్నారా అని. మీ నాన్న నీకు అలా చెప్పాడని తెలుసు. మల్కాజ్‌గిరిలో కూర్చుని అన్నీ చూసినట్టే చెప్పగలడు మా ఆషర్. జరిగింది వరసగా రాస్తాను, నువ్వే తేల్చుకో.

ఆ ఎర్ర మోటార్‌సైకిలు నీకు తెలుసు. మీ నాన్న నడక నేర్చేనాటికి మన ఇంటికి వచ్చింది. శనివారం శనివారం తాతయ్య దాని మీద అల్వాల్ వెళ్తారు, డేవిడ్ రాజుకు గడ్డం గీయడానికి. ఇద్దరూ రైల్వే పార్శిల్ ఆఫీసులో ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చుని పోట్లాడుకున్నవాళ్ళు. పక్షవాతం వచ్చి మంచాన పడ్డాక డేవిడ్ రాజు ఇంకెవరినీ కత్తితో మొహం దగ్గరకు రానివ్వడు. ఆ ఒక్క పని మీద వారమంతా నడుస్తుంది మీ తాతయ్యకు.

క్రితం చలికాలంలో బండి దారిలో ఆగడం మొదలుపెట్టింది. ఆయనే కనిపెట్టారు. ట్యాంకు మూతలో ఆవగింజంత రంధ్రం ఉంటుంది. పెట్రోలు కిందున్న కార్బురేటర్‌లోకి దిగుతున్నకొద్దీ ఆ రంధ్రంలోంచి గాలి లోపలికి రావాలి. అది పూడితే కొంతదూరం పోయాక పెట్రోలు దిగడం మానేస్తుంది, కార్బురేటర్ ఎండిపోతుంది, బండి ఆగుతుంది. పాల డబ్బాకు ఒకే చిల్లు పెడితే పాలు రానట్టు. పిన్నీసుతో దుమ్ము తీశారు, బాగైంది. ముప్ఫై ఏళ్ళు బడిలో ఫిజిక్స్ చెప్పిన నాకు, గాలి ఒత్తిడి అంటే ఏమిటో అరగంటసేపు బోధించారు. విన్నాను. పెళ్ళి ప్రమాణంలో అదీ ఒక భాగమే.

వేసవి చివర మళ్ళీ ఆగడం మొదలైంది. ఈసారి మూత జోలికి ఆయన పోలేదు. తన చేత్తో బాగుచేసినదాన్ని మళ్ళీ అనుమానించడం ఆయన వంశంలో లేదు. వసారాలో పాత దుప్పటి పరిచి కార్బురేటర్ విప్పారు. జెట్టు ఊదారు, ఫ్లోటు ఊపి చూశారు, సూది మార్చారు, పెట్రోలు పైపు కొత్తది వేశారు. ఇల్లంతా పెట్రోలు వాసన. చారులో కూడా. బిగించాక వీధి చివరిదాకా బ్రహ్మాండంగా పోతుంది. ఇంకాస్త దూరం పోయాక, దగ్గి, ఆగిపోతుంది. మూత తీసి పెట్రోలుందో లేదో చూసి మళ్ళీ తన్నితే ఏమీ ఎరగనట్టు బయల్దేరుతుంది.

మెకానిక్ విజయేందర్ దగ్గరకు తోసుకుపోయారు. అతనూ ముందు మూత తీసి పెట్రోలు చూశాడు, అడుగున కొంచెమే ఉంది. తర్వాత బజారంతా తిప్పాడు. ఎక్కడా ఆగలేదు. మూత రంధ్రం సంగతి అడిగితే, అది నేను ఎప్పుడో చూశానయ్యా అని తాతయ్యే కొట్టిపారేశారట. ఇలా మూడు నాలుగుసార్లు అయింది. ఆయన చేతిలో ఆగుతుంది, వాళ్ళ చేతిలో ఆగదు. అప్పుడు తాతయ్య ఒక మాట అన్నారు, అందరూ నవ్విన మాట. ట్యాంకు నిండా ఉంటే తొందరగా ఆగుతోంది, పెట్రోలు తక్కువగా ఉంటే ఎక్కువ దూరం పోతోంది అని.

విజయేందర్ మంచివాడే. పెద్దవాళ్ళంటే గౌరవం ఉన్నవాడు. అయినా అతను కూడా, "పెద్దసార్, పెట్రోల్ ఎక్కువుంటే బండి ఆగుడేంది? బండి మంచిగనే ఉంది. మీరే జెర పరేషాన్‌ల ఉన్నట్టున్నరు, ఇంటికి పోయి రెస్ట్ తీస్కోండ్రి" అన్నాడు. అక్కడ టీ తాగుతున్నవాళ్ళు నవ్వారు. ఆ మాట మీ నాన్న చెవిన పడింది. మీ నాన్న నవ్వలేదు, భయపడ్డాడు. జ్ఞాపకశక్తి పరీక్షించే డాక్టరు దగ్గర గురువారానికి పేరు రాయించాడు.

ఆ తర్వాత తాతయ్య వాదించడం మానేశారు హదస్సా. అది నువ్వు చూడలేదు, నేను చూశాను. యాభై ఏళ్ళుగా ఆ నోరు ఎప్పుడు మూతపడుతుందా అని ఎదురుచూసినదాన్ని. మూతపడ్డాక ఇంట్లో నిలబడలేకపోయాను. "మణీ, నిన్న బండి నిజంగా ఆగిందా, నాకలా అనిపించిందా?" అని అడిగేవారు. నేను చూడలేదండీ అనేదాన్ని. పొద్దున్నే పెరట్లో కుర్చీ వేసుకుని, సికింద్రాబాద్ నుంచి నర్సాపురం దాకా స్టేషన్ల పేర్లు లోపల్లోపల చెప్పుకునేవారు. మధ్యలో ఒకటి తట్టకపోతే మళ్ళీ సికింద్రాబాద్ నుంచి. డేవిడ్ రాజు ఇంటికి రెండు శనివారాలు వెళ్ళలేదు. కత్తి పట్టుకోవడానికి తన చేతిని తానే నమ్మలేదు.

ఇప్పుడు విను. తాతయ్య చెప్పింది అక్షరాలా నిజం. మూత పూడితే, నిండు ట్యాంకులో పెట్రోలు పైన గాలికి చోటే ఉండదు. కాస్త పెట్రోలు దిగేసరికి ఆ కొద్ది గాలీ పలచబడిపోయి ఇక పెట్రోలును కిందికి దిగనివ్వదు. సగం ట్యాంకైతే గాలి ఎక్కువ ఉంటుంది, అది పలచబడటానికి సమయం పడుతుంది. బండి ఇంకొంత దూరం పోతుంది. మూత ఒక్కసారి తీస్తే గాలి లోపలికి పోయి కథ మళ్ళీ మొదటికొస్తుంది. తొమ్మిదో తరగతి పాఠం. ఊరంతా నవ్వుతున్నప్పుడు ఆ పాఠం తెలిసిన మనిషిని ఒక్కదాన్నే నేను, నోరు మూసుకుని కూర్చున్నాను. ఎందుకంటే ఆ రంధ్రం పూడ్చింది నేనే. బట్టల సబ్బుతో.

నన్ను తిట్టుకునే ముందు కారణం కూడా విను. ఏప్రిల్‌లో కళ్ళ డాక్టరు గ్లకోమా అని తేల్చాడు. ఎదుట ఉన్నది కనిపిస్తుంది, పక్కన ఉన్నది కనిపించదు, కుడివైపు మరీ తక్కువ, బండి నడపొద్దు అన్నాడు. తాతయ్య బయటికి వచ్చి, "నేను పోయేది ముందుకు. పక్కకు కాదు" అన్నారు. ఆ వారమే నన్ను వెనక కూర్చోబెట్టుకుని చిలకలగూడ చౌరస్తాలో తిరుగుతుంటే కుడివైపు నుంచి ఆటో వచ్చింది. ముందు సీట్లో డ్రైవరు పక్కన చంటిపిల్లను ఒళ్ళో పెట్టుకుని ఒకామె. తాతయ్య తల కూడా తిప్పలేదు. ఆ డ్రైవరు బ్రేకు తొక్కాడు కాబట్టి నీకీ ఉత్తరం వస్తోంది. అతను తిట్టిన తిట్లు నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. తాతయ్య ముందుకు పోతూ, "ఎవర్ని మణీ తిడుతున్నాడు?" అని అడిగారు. "ఎవర్నోలెండి" అన్నాను.

తర్వాత బతిమాలాను. తాళంచెవి దాచాను, రెండోది ఆయన దగ్గర ఉంది. మీ నాన్నతో చెప్పిస్తే, ఆయన వింటారా అమ్మా అని వాడే నన్ను అడిగాడు. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. తాతయ్య ఆమెన్ అని గట్టిగా చెప్పి, పాస్టరుగారిని అదే బండి మీద ఇంటి దగ్గర దింపి వచ్చారు. ఇక నాకు మిగిలింది ఫిజిక్సే. పెద్ద రోడ్డు ఎక్కేలోపు ఆగిపోతే చాలు, నాలుగుసార్లు ఆగితే విసుగొచ్చి మానుకుంటారు అనుకున్నాను. ఆయన బండిని కాక తనను తానే అనుమానించుకుంటారని నా లెక్కలో లేదు.

మంగళవారం మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయనే అన్నారు, గురువారం డాక్టరు దగ్గరకు ఆషర్ అక్కర్లేదు, మనిద్దరం పోదాం, జరగనివి జరిగినట్టు అనిపిస్తున్నాయని నేనే చెప్పుకుంటాను అని. బెండకాయ కూర వడ్డిస్తున్నదాన్ని గరిటె పెట్టేసి చెప్పేశాను. మొత్తం.

ఆయన అన్నం పూర్తిగా తిన్నారు. మజ్జిగ కూడా పోసుకున్నారు. చేయి కడుక్కుని బయటికి వెళ్ళి, మూత తెచ్చి నా కంచం పక్కన పెట్టారు.

"ఏ సబ్బు?"

"బట్టల సబ్బు."

"పెట్రోలుకు సబ్బు కరగదని నీకెవరు చెప్పారు?"

"మీరే. భువనగిరి దగ్గర ట్యాంకు కారితే సబ్బు రుద్ది ఇల్లు చేర్చారు కదా."

"తియ్యి," అన్నారు.

జాకెట్టు పిన్నుతో తీశాను. ఆయన మూత నోటి దగ్గర పెట్టుకుని ఊది చూశారు. చాలాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పారు. "అయితే నిండా ఉంటే తొందరగా ఆగుతుందన్నది నిజమేనా?" అని అడిగారు. నిజమేనండీ, పిల్లలకు నేను అదే పాఠం చెప్పాను అన్నాను. "ఆ మాట విజయేందర్ షాపులో చెప్పు," అని వెళ్ళి పడుకున్నారు. తిట్టి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. ఆయనకు ఆ సంగతి తెలుసు.

మర్నాడు పొద్దున ఇద్దరం నడిచి వెళ్ళాం. టీ తాగేవాళ్ళందరి ముందూ, రిటైరైన టీచరమ్మ, తన మొగుడి బండికి సబ్బు పెట్టానని చెప్పి, ఎందుకు తొందరగా ఆగుతుందో కూడా పాఠం చెప్పింది. తాతయ్య చేతులు వెనక్కి కట్టుకుని, బడి తనిఖీకి వచ్చిన అధికారిలా నిలబడ్డారు. విజయేందర్ చేతిలోని స్పానరు కింద పెట్టాడు. తర్వాత, "నేను సుత మిమ్మల్నే అనుమానించిన సార్. తప్పయింది" అన్నాడు. మీ నాన్నకు ఫోన్ చేసి డాక్టరు దగ్గర పేరు తీయించాను. వాడు పగలబడి నవ్వాడు. స్పీకరులో ఉందని మరిచిపోయాడు. తాతయ్య నవ్వలేదు.

కాబట్టి నీ ప్రశ్నకు జవాబు, తాతయ్య మతి చక్కగా ఉంది. బండీ చక్కగా ఉంది. ఇక నిద్ర పట్టనిది నాకే.

నిన్న శనివారం. తెల్లచొక్కా వేసుకున్నారు, గడ్డం సామాను సంచి హ్యాండిలుకు తగిలించారు. నా దగ్గర సబ్బు లేదు, ప్రార్థన లేదు, కన్నీళ్ళు ముందే అయిపోయాయి. అప్పుడు ఏప్రిల్‌లో చెప్పాల్సిన మాట చెప్పాను. "ఆ రోజు చౌరస్తాలో ఆటో కుడిపక్క నుంచి వచ్చింది. దాంట్లో చంటిపిల్ల ఉంది. మీరు చూడలేదు. వాడు తిట్టింది మిమ్మల్నే" అన్నాను.

ఆయన నా వైపు చూశారు. బండిని తన్నారు. ఒక్క తన్నుకే స్టార్టయింది. వెళ్ళిపోయారు.

గేటు పట్టుకుని నిలబడ్డాను. మోటార్‌సైకిలు చప్పుడు మలుపు తిరిగేదాకా విన్నాను, ఆ తర్వాత ఊళ్ళో ఉన్న ప్రతి హారనూ విన్నాను. ఎంతసేపో తెలియదు. పాలమ్మాయి వచ్చి అడిగినా ఏం చెప్పానో గుర్తులేదు. చివరికి మలుపులో కనిపించారు. బండిని తోసుకుంటూ, చొక్కా తడిసిపోయి, అడుగులో అడుగు వేసుకుంటూ.

"మళ్ళీ ఆగిందా?" అన్నాను.

"ఆగలేదు. నేనే ఆపాను."

బండిని వసారాలోకి ఎక్కించి స్టాండు వేశారు. మంచినీళ్ళు తాగారు. హ్యాండిలుకున్న సంచి తీసుకుని, "డేవిడ్ రాజు ఎదురుచూస్తుంటాడు. చెప్పులేసుకో, బస్సులో పోదాం" అన్నారు. ఏం జరిగిందని నేను అడగలేదు. నువ్వూ అడగకు తల్లీ, ఫోనులో అసలే అడగకు.

సికింద్రాబాద్ స్టేషను దగ్గర అల్వాల్ బస్సు ఎక్కాం. కుడివైపు ఇద్దరి సీటు ఖాళీగా దొరికింది. పెళ్ళయిన నాటి నుంచి రైలైనా బస్సైనా కిటికీ సీటు నాకిచ్చిన పాపాన పోలేదు ఈ మనిషి. కొత్తపెళ్ళికూతురిగా నర్సాపురం నుంచి వచ్చేటప్పుడు కూడా నేను దారంతా ఆయన చెవినే చూస్తూ వచ్చాను. అలవాటు కొద్దీ పక్కకు జరిగి దారిచ్చాను. ఆయన కదల్లేదు.

"నువ్వు కూర్చో కిటికీ దగ్గర," అన్నారు. "ఆ పక్క నాకు ఏమీ కనబడదు."

ఇట్లు,
నీ నాయనమ్మ,
ప్రేమమణి.