నాలుగు మూలలా పసుపు

12-2-2001, సోమవారం

వెళ్ళిపోయింది, మా నాగమణి ఉత్తరం వెళ్ళిపోయింది. కంప్యూటరులో ఒక్క మీట నొక్కితే నలభై మంది జీడిపప్పు వ్యాపారులకి నలభై శుభలేఖలు. నా తల్లి, నా బంగారు తల్లి. ముప్పై ఏళ్ళు టెక్కలి చుట్టూ సైకిలు మీద ఉత్తరాలు పంచాను... ఒక్క పూటలో నలభై శుభలేఖలు ఏనాడూ పంచలేదు.

పలాసలో షావుకారు గారి కొత్త ఫ్యాక్టరీ ప్రారంభానికి పిలుపులు అవి. సరిగ్గా అందితే ఆయన దగ్గర మణి ఉద్యోగం పర్మనెంటు. లేకపోతే ఈ నెలతో సరి.

ఉత్త అక్షరాలు కాదు, గళ్ళూ రంగులూ ఉన్న ఉత్తరం — హెచ్.టి.ఎం.ఎల్. అంటుంది. జావాస్క్రిప్టులో ప్రోగ్రాం రాసి విశాఖ సర్వరులో పెట్టింది. అదే ఒక్కొక్కరి పేరూ వేసుకుని పంపేస్తుందట. నాకు అర్థమైంది అంతే. నాలుగు మూలలా పసుపు పెట్టమన్నది మాత్రం నేను. "అలాగే నాన్నా. మూల గడిలో రంగు నంబరు ఏసీడమే" అంది.

13, మంగళవారం

పొద్దున్నే షావుకారు గారి ఫోను. ఫోను మణి చెవి దగ్గరున్నా ఆయన మాట నాకూ వినపడుతోంది.

"ఏటి పిల్లా, మా ఇంట్లో ఎవులు పోనారు? అన్నీ పరామర్శ ఫోన్లే. రాజమండ్రి బావైతే ఏడిసేసినాడు."

మూలలు నల్లగా వెళ్ళాయి. అవి చూసి లోపలిది ఎవరూ చదవలేదు.

రంగు తరువాత చూద్దామని ఆరు సున్నాలు పెట్టి ఉంచిందట. ఆరు సున్నాలంటే నలుపు. పరీక్షకి తనకే ఒకటి పంపుకుంది — పేరు చూసింది, తారీఖు చూసింది. మూలలు చూడలేదు.

నల్ల మూలల కార్డు ఎవరూ గుమ్మం దాటనివ్వరు. నేను వీధిలోనే చదివి వినిపించి, అక్కడే చింపినవి ఎన్నో. మూలల మాట ఎత్తింది నేను. నా నోరు ఊరుకోదు.

14

మణి అన్నం ముట్టలేదు. వాళ్ళమ్మ — "ఊరుకోయే, ఎవులూ సచ్చిపోలేదు గదా."

"నా ఉద్యోగం సచ్చిపోనాది గదమ్మా."

15, గురువారం

షావుకారు గారు ఇంకొక్క అవకాశం ఇచ్చారు. "ఈసారి ముందు మీ నాన్నకి సూపించు. ఉత్తరం మొకం సూత్తే ఆయనకి తెలుస్తాది" అన్నారట.

పలాస బస్సెక్కాను. తెర ముందు కూర్చోబెట్టింది. ఒక్కో మూలా వేలు పెట్టి చూశాను. పసుపే. ఒక మూల వెలిసినట్టుంది అంటే — "అది ఎండ, నాన్నా" అని కిటికీ మూసింది.

ముందు ఒక్కరికే పంపమన్నాను, ఆ ఏడ్చిన రాజమండ్రి ఆయనకి. కాసేపటికి జవాబొచ్చింది. 'పసుపు కనపడింది. వస్తున్నాం.'

అప్పుడు మిగతా అందరికీ.

16, శుక్రవారం

జవాబులు వస్తున్నాయి. షావుకారు గారు పర్మనెంటు మాట ఎత్తలేదు. "సోమారం రా, మాటాడదాం." ఏం మాట్లాడతారు?

కూర్చోలేక పోస్టుకార్డులు కొని మూలలకి పసుపు పెట్టేశాను. మధ్యలో ఇంకా ఏమీ రాయలేదు, మణి ఉద్యోగం కబురు సోమవారం తేలాకే. పేర్లు మాత్రం —

నందిగాం పెద్దక్క. ముందు ఆవిడకే, లేకపోతే ఏడాది పలకదు.

భావనపాడు చిన్నమ్మ. చదివిపెట్టే మనిషి లేదు, నేనే పట్టుకెళ్ళాలి.

సోంపేట తమ్ముడు.

రావివలస బావ. "ఆడపిల్లకి కంప్యూటరేటి బావా" అన్నవాడు. ఈ కార్డుకి పసుపు కాస్త ఎక్కువే పెట్టాను.