మీరు తాగని నా ఎంగిలి

పాసో మోలినో, మొంతెవిదెయో
ఏప్రిల్ 12, 2011

గౌరవనీయులైన ఎర్మెలిందా వదినగారికి,

మీ తమ్ముడి భార్య సుల్మా నమస్కారాలు. ఈ ముసురులో మీ మోకాలు ఇబ్బంది పెట్టడం లేదని, కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేను బాగానే ఉన్నాను. మెంబ్రియో పళ్లు వచ్చాయి. పాకం పట్టి డబ్బాలకెత్తాను. ఏటా పంపినట్టు ఈసారి మీకు పంపడం లేదు.

ఎందుకో చెబుతాను. నిన్న మీ పిన్నిగారి అమ్మాయి దెలిసియా వచ్చింది. నవ్వు ఆపుకోలేక కళ్లు తుడుచుకుంటూ చెప్పింది. "ఆ రోజు సంఘం వంటింట్లో సుల్మా ఉంది కదా! అందరం పీల్చే మాతే కషాయం గొట్టంలోంచి దాని ఎంగిలి నా నోట్లోకి వచ్చింది. పరీక్షలో తేలింది ఆ చీనాదాని అడవి రక్తం, నాది కాదు" అని మీరు అందరితో అంటున్నారట.

ఆ రోజు నేనూ ఉన్నాను, నిజమే. కనారీ దీవుల నుంచి వచ్చి ఈ నగరాన్ని కట్టిన కుటుంబాల సంఘానికి మీరు అధ్యక్షురాలు, నేను మీ అందరికీ రొట్టెలు వేయించే మనిషిని. తల్లి నుంచి కూతురికి, కూతురి నుంచి మనవరాలికి దిగే గుర్తును ఉమ్మిలో చూస్తారని, అందరి తల్లి వరసా కనారీ దీవుల నుంచి వచ్చిందని రుజువవుతుందని, ఇవోన్ డాక్టరమ్మను పిలిపించింది మీరే. ఆవిడ సీసాలు పంచుతూ, "అరగంట పాటు నోట్లో ఏమీ పెట్టుకోకండమ్మా, మాతే కూడా వద్దు" అని బతిమాలింది. "మాతే లేకుండా అరగంటా? నేనేమైనా శవాన్నా?" అంటూ మీరు గొట్టం నోట్లో పెట్టుకున్నారు. అందరూ నవ్వారు.

ఫలితాల రోజు ఆవిడ విడిగా చెబుతానంటే మీరు ఒప్పుకోలేదు. "గట్టిగా చదువమ్మా, వెనక వరసకీ వినబడాలి. దాచుకోవడానికి మాదేమైనా చీనా కొంపా?" అన్నారు. ఆవిడ చదివింది. మీ తల్లి వరస కనారీ దీవులది కాదు, ఈ నేల మూలవాసులది. ఏ తెగో పరీక్ష చెప్పదంది. కానీ నూట ఎనభై ఏళ్ల కిందట సాల్సిప్వేదెస్ వాగు దగ్గర సైన్యం చర్రువా తెగ మగవాళ్లను చంపాక, ఆడవాళ్లనూ పిల్లలనూ ఇక్కడిదాకా నడిపించి, ఇళ్లలో చాకిరీకి పంచిపెట్టారని, అలాంటి ఆడవాళ్ల మునిమనవరాళ్లు ఈ ఊళ్లో వీధికొకరు ఉంటారని చెప్పింది. "మీ అమ్మమ్మగారి అమ్మ పేరు తెలుసా?" అని అడిగింది. మీరు శాలువా సర్దుకున్నారు.

ఇక ఎంగిలి సంగతి. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి మీ మాతే గిన్నె ఒక్కసారైనా నా చేతికి వచ్చిందా వదినగారూ? నా ఎడమ పక్కవారి నుంచి కుడి పక్కవారికి నన్ను దాటి పోయేది. కుళాయి బాగుచేయడానికి వచ్చినవాడికి కూడా ఇచ్చారు. "అక్కా, సుల్మా వంతు" అని మీ తమ్ముడు ఎల్బియో ఒకసారి అన్నాడు. "దాని మూతి తగిలిన గొట్టాన్ని ఎవడు కడుగుతాడురా?" అన్నారు మీరు. ఆ రోజు సంఘంలోనూ అంతే. నేను పొయ్యి దగ్గరే ఉన్నాను, గిన్నె గుమ్మం దాటి లోపలికి రాలేదు. మరి నా ఎంగిలి మీ నోట్లోకి ఏ దారిన వచ్చింది?

చీనా అని మీరు మొదటిసారి పిలిచినప్పుడు నేను దేశం పేరనుకోలేదు. అడవి మనిషి, అంట్లు తోమే దాసి, రెండూ కలిపి ఒక్క మాట. దాన్ని భరించాను. కానీ ఎల్బియో పోయాక, మీ వంశం సమాధిగది తాళంచెవి చేతిసంచిలో వేసుకుని, "పూలు బయటే పెట్టు. లోపలికి మా రక్తం వాళ్లే" అన్నారు చూడండి, అది భరించలేదు. నేను పోయాక ఆయన పక్కన చోటుంటుందా అని అడిగాను. "చీనాలకు మున్సిపాలిటీ నేల ఉంది కదమ్మా" అన్నారు.

ఆదివారం సంఘం సమావేశం. ఈలోగా తాళంచెవి నాకు అందాలి. అందకపోతే వేయించే మూకుడు దించి, చేతులు కడుక్కుని, అందరి ముందుకీ వస్తాను. మీ ఇంట్లో మాతే ఎవరిని దాటిపోయేదో చెబుతాను. పక్కన సాక్షిగా దెలిసియా ఉంటుంది. అప్పుడు ఆ ఫలితం ఎవరిదో వాళ్లే తేల్చుకుంటారు. ఆ అధ్యక్షురాలి కుర్చీలో ఎవరు కూర్చోవాలో కూడా.

మీ ఆరోగ్యం జాగ్రత్త. ఆదివారం మీరు నిలబడగలగాలి.

మీ మరదలు
సుల్మా

తా.క. ఆ రోజు వంటింట్లోకి వచ్చి ఇవోన్ డాక్టరమ్మ నాకూ ఒక సీసా ఇచ్చింది. ఫలితం విడిగా చెప్పింది. నా తల్లి వరస కనారీ దీవులది. మీ చేత చీనా అనిపించిన ఈ మొహం ఏ తాత ఇచ్చాడో తెలియదు, ఈ పరీక్ష తాతల జోలికి పోదట. నా ఎంగిలే మీ నోట్లో ఉండి ఉంటే, మీరు కోరుకున్న జవాబే వచ్చేది. అది విని నేను నవ్వలేదు, ఏడ్చాను. మీరు ఉమ్మేసిన ఆ ఆడవాళ్లను ఇన్నేళ్లూ నా వాళ్లనుకున్నాను. వాళ్లు కూడా మీకే దక్కారు. ఈ ఫలితం చూపించి ఆ గదిలో చోటు అడగవచ్చు. అలా అడగను, చీనాగానే వస్తాను. ఎల్బియో పక్కన రాతి మీద నా పేరు ముందు 'చీనా' అని చెక్కించండి. చెక్కేవాడికి ఆ మాట మీరే పలికి చెప్పండి, నా ఎదురుగా.