చేపల పెట్టెలో సైక్లమెన్ మొలకలు

అమ్మా నాగదుర్గా, నాన్న దీవించి రాస్తున్న కబురు. ఇక్కడ మేమిద్దరం కులాసా.

నీ సైక్లమెన్ పూలమొక్క కూనూరు వానలకి కుళ్లిపోయిందని ఫోన్లో ఏడ్చావు కదా, ఇంక ఏడవకు. నువ్వు అంతకుముందే కాయ పగలగానే ఏరి మాకు పంపిన పదిహేను సైక్లమెన్ విత్తనాల్లో ఏడు మొలిచాయి తల్లీ! బఠాణీ కన్నా చిన్న దుంప, దాని మీద గేలంలా వంగిన కాడ. ఎంత ముద్దొస్తున్నాయో!

ఇదంతా మీ అమ్మ గొప్పే. వాటికి చీకటీ చల్లదనమూ కావాలన్నావు. మన నరసాపురంలో చల్లదనం ఎక్కణ్ణుంచి తేవాలని నేను చేతులెత్తేశాను. మీ అమ్మ విత్తనాలు ఒక పూట నానబెట్టి, తడి ఇసక గిన్నెలో పాతి, తన చేపల థర్మాకోల్ పెట్టెలో అడుగున ఐసు పేర్చి పైన ఆ గిన్నె పెట్టింది. నేను రోజూ మూత తీసి చూస్తుంటే, "బేరానికొచ్చావేంటి మావా, తీసి తీసి చూడ్డానికి? మూసెయ్!" అని కసిరేది. ముప్పై ఎనిమిదో రోజున తనే పిలిచి చూపించింది. అన్నాళ్లూ ఉన్న ఒక్క పెట్టే వీటికిచ్చేసి, పాలకొల్లు మార్కెట్‌కి చేపల్ని గంపలో తడి గోనె కప్పి మోసింది. ఆ మోతకి ఒక్కనాడూ విసుక్కోలేదమ్మా. ఇన్నేళ్లు కాపురం చేసీ ఆ ఓర్పు నాకు ఇప్పుడే తెలిసింది.

మొలకల్ని వెలుతురులో ఎప్పుడు పెట్టాలో వెంటనే రాయి, పెట్టె ఖాళీ చెయ్యాలి. హాస్పిటల్లో నైట్ డ్యూటీలు తగ్గాయా? స్వెట్టర్ కొనుక్కున్నావా?

పెట్టెకి తొందరేం లేదు, మొలకలు గట్టిపడేదాకా ఉండనీ అని రాయమంటోంది మీ అమ్మ. నిండు నూరేళ్లు సుఖంగా ఉండు తల్లీ.

నాన్న బుల్లియ్య, అమ్మ లోవమ్మ