ఫోనులో అడగని ప్రశ్న

హెస్టోయ్ పురపాలక వైద్యాధికారి గారికి,
22 నవంబరు 2021

అయ్యా,

విషయం: ఆరోగ్య సహాయ ఫోను సిబ్బంది అడుగు ప్రశ్నల కాగితములో ఒక ప్రశ్న చేర్చుట గురించి.

చేపల శీతల గిడ్డంగిలో ఎలక్ట్రీషియన్ అయిన అవుడున్ స్కైవిక్ అను నేను మనవి చేసుకొనునది.

1. కోవిడ్ నిబంధనలపై నాకు ఫిర్యాదు లేదు. మా నాన్నవి పాడైన ఊపిరితిత్తులు. ఆయన బ్రతికి ఉన్నది ఆ నిబంధనల వల్లనే. మా పెద్దవాడు ఇవెర్‌కు రెండేళ్లు నిండినా జలుబన్నది ఎరుగడు. మేము మురిసిపోయాము.

2. సెప్టెంబరు ఆఖరున నిబంధనలు ఎత్తివేసినారు. మూడు వారాలకు ఇవెర్ శిశు కేంద్రం నుండి జలుబు తెచ్చినాడు. వాడికి తగ్గినది. ఏడు వారాల మా పాప సున్నివకు అంటినది.

3. అక్టోబరు 25 ఉదయం సహాయ ఫోనుకు చేసితిని.

"కోవిడ్ పరీక్ష చేయించారా?"

"చేయించామమ్మా, లేదని వచ్చింది."

"అయితే మామూలు జలుబే. జ్వరం ఉందా?"

"లేదు. కానీ పాలు..."

"జ్వరం లేదుగా, కంగారు పడకండి. రేపు చూసి చేయండి."

పక్కనుంచి నా భార్య మారిట్ "డొక్కలు లోపలికి పోతున్నాయని చెప్పు!" అని అరిచింది. అప్పటికే ఫోను పెట్టేసి, హమ్మయ్య అన్నాను. ఇది కూడా దాఖలు చేసుకొనవలెను.

4. మధ్యాహ్నానికి పాప పెదవులు నీలమైనవి. ఆసుపత్రిలో పిల్లల మంచాలన్నీ నిండి, వరండాలో చోటిచ్చినారు. డాక్టరమ్మ అన్నది: "ఏటా చలికాలం పిల్లల ఊపిరికి పట్టే వైరస్సే ఇది. మనం తలుపులు మూసుకుంటే అదీ ఆగింది. పోయినేడు పిల్లలకూ సోకలేదు, తల్లులకూ సోకలేదు. తట్టుకునే శక్తి ఎవరికీ లేదు. ఇప్పుడు అందరికీ ఒకేసారి."

"ఇలా అవుతుందని ముందే తెలుసా?"

"వేసవిలోనే అన్ని ఊళ్లకూ రాశాం బాబూ."

మూడవనాడు ఉదయం సున్నివ చనిపోయినది.

5. ఆ లేఖ ఆగస్టులోనే తమకు చేరినది. ఫోను కాగితములో కోవిడ్ గురించి పదకొండు ప్రశ్నలున్నవి. "బిడ్డ పాలు తాగుతోందా?" అన్నది లేదు. కాగితము మార్చు కమిటీ మార్చిలో కూర్చుంటుందని తమ గుమాస్తా సెలవిచ్చినారు. మార్చికి ఈ చలికాలం అయిపోవును. దానితో పాటు ఎవరెవరి పిల్లలో.

కావున ఆ ప్రశ్న ఈ వారమే చేర్పించవలెనని ప్రార్థన. ఇంతకు మించి కోరునది లేదు, చిత్తగించవలెను.

తమ విధేయుడు,
అవుడున్ స్కైవిక్

తా.క.: ఫోనులో మాట్లాడినామెను ఏమీ అనకండి. నిన్న మా ఇంటికి వచ్చింది. మారిట్ గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసి, "లోపలికి రా, చలిగా ఉంది" అంది. ఆ ప్రశ్నను ఆమె తన కాగితం అడుగున పెన్సిలుతో తనే రాసుకుందట. సొంతంగా రాయకూడదని పైవాళ్లు చెరిపించారట. మళ్లీ రాసుకుందట. అయ్యా, ఈసారి చెరపనివ్వకండి.