పులిసిన కుంకుడు రసం

ఉప్పల్,
ఆదివారం

అక్కకు,

నమస్కారం. నువ్వూ, బావగారూ, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నేను బాగానే ఉన్నాను. ఇక్కడ రోజూ వాన. హాస్టల్ కూరల్లో కారం ఎక్కువ, అయినా తింటున్నాను, బెంగ పెట్టుకోకు. ఫోన్లో చెబుదామంటే గదిలో ముగ్గురం ఉంటాం. అందుకే రాస్తున్నాను.

మల్లాపూర్‌లో మా కంపెనీ చిన్నది. కుంకుడుకాయ రసంతో ఫేస్‌వాష్ చేస్తాం. కాయలు ఉడికించి వడగట్టాక, ఆ రసం చల్లారనిచ్చి, పాడవకుండా ఉండే మందు కలపడం నా పని. ఆ రసం నిలవ చేసే డ్రమ్ములు కడిగేది యాదమ్మ. బోడుప్పల్ ఆవిడ, అది పల్లెటూరుగా ఉన్నప్పటి నుంచీ వాళ్లది అక్కడే. నేను చేరిన మొదటి రోజు ఒంటరిగా కూర్చుంటే పిలిచి, తన డబ్బాలోంచి సగం జొన్నరొట్టె పెట్టింది.

మూడు వారాల క్రితం నేను తొందరపడ్డాను అక్కా. బస్సు తప్పిపోతుందని, రసం వేడిగా ఉండగానే మందు కలిపేశాను. వేడికి దాని బలం పోతుంది. నాలుగో రోజు మూత తీస్తే పులిసిన కంపు. మేనేజరు గారు యాదమ్మను పిలిచారు.

"డ్రమ్ము కడగకుంటనే పెట్టినవా?"

"మంచిగనే కడిగిన సారూ. గీ పిల్లను అడుగున్రి, పక్కనే ఉండె."

ఆయన నావైపు చూశారు. "గమనించలేదండీ" అన్నాను. మర్నాటి నుంచి ఆవిడను రావద్దన్నారు.

మూడు రోజులు అన్నం సయించలేదు. తర్వాత మేనేజరు గారి దగ్గరకు వెళ్లి ఉన్నదంతా చెప్పేశాను. 

"ఆ దినమే చెప్తే అయిపోతుండె గదమ్మా" అన్నారు. నన్ను లేబుళ్లు అతికించే బల్లకు మార్చారు. యాదమ్మను పిలవడానికి నేనే వెళతానన్నాను.

ఇంటి ముందు బట్టలు ఆరేస్తోంది. తప్పు నాదేనని చెప్పాను.

"తప్పు అందరు జేస్తరు. గని నేను కడుగుతుంటే నువ్వు సూసినవ్, సూడలే అన్నవ్. మా ఇంటోళ్లు గూడ నన్నే అనుమానపడ్డరు" అంది. లోపలికి రమ్మనలేదు.

మళ్లీ పనికి వస్తోంది. ప్రతి డ్రమ్మూ కడిగాక ఈడ్చుకుంటూ నా బల్ల దాకా తెచ్చి, "సూడున్రి మేడం" అంటుంది. ఇదివరకు బిడ్డా అనేది. నేను లేచి, వంగి లోపలికి చూసి, "శుభ్రంగా ఉందమ్మా" అంటాను. అందరికీ వినపడేలా అంటాను. రోజుకు ఐదారుసార్లు.

ఉద్యోగం పోలేదు, భయపడకు. నాన్నకు మాత్రం చెప్పకు. అత్తయ్యగారికీ మామయ్యగారికీ నా నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. అమ్మ దీవెనలు నాకూ కాస్త అడిగి పంపు. కోప్పడినా సరే, జవాబు రాయి.

నీ చెల్లెలు,
లక్ష్మి