వినగడప రేడియో

తిరువూరు,
11-3-1974.

లాజరు గారికి,

మీ వినగడప పంచాయతీ రేడియోను జాబితాలో 'పనికిరానిది' అని రాసి, జీపులో వేసుకొచ్చిన సమితి ఆఫీసు గుమాస్తాను నేనే. ఆ మధ్యాహ్నం మీట తిప్పితే పలకలేదు. వెనక మూత తీసి చూడలేదు, ఎవరినీ అడగలేదు.

నిన్న బస్టాండులో మీ ఊరి యోసేపు చెప్పాడు. "అరిగిపోతాయని మా లాజరు బ్యాటరీలు తీసి ఇంట్లో దాస్తాడండి, సాయంత్రమే వేస్తాడు. ఇవాళ వాళ్ళమ్మాయి రేడియోలో పాడుతోంది. వినడానికి ఊళ్ళో రేడియో ఏదండి?"

వెంటనే ఆఫీసు స్టోరుకెళ్ళి దానికి కొత్త బ్యాటరీలు వేశాను. పలికింది. ఊరంతా వినాల్సిన మీ జ్ఞానమణి పాట, విరిగిన కుర్చీల మధ్య నేనొక్కణ్ణే విన్నాను.

జాబితాలో ఆ మాట కొట్టేశాను. బుధవారం రేడియో నేనే తెచ్చిస్తాను. పాటను మాత్రం తేలేను.

ఇట్లు,
మొహం చెల్లని గుమాస్తా.