సింహం మీద తెల్లరంగు

ఒరేయ్ తమ్ముడూ,

నేను డ్యూటీకి వెళ్తున్నా. తెల్లరంగు డబ్బా మెట్ల కింద ఉంది. చిట్టి బడి నుంచి వచ్చేలోపు దాని గదిలో నువ్వు గీసిన ఆ సింహం మీద మందంగా పూసెయ్. ముందు కింద పాత పేపర్లు పరిచి ఏడువు. పోయినసారి గోడకంటే నేలకే ఎక్కువ రంగు తాగించావు. కిటికీలు తెరిచి పెట్టు.

చూసినవాళ్లంతా ఆహా ఓహో అన్నారని పొంగిపోకు. వాళ్లెవరూ ఆ గదిలో పడుకోరు. ఆరేళ్ల పిల్ల మంచానికి ఎదురుగా నోరు తెరిచిన సింహమా? నీకేం కావాలే అని దాన్ని ఒక్క మాట అడిగావా? నీకు ఫోటోలు కావాలి, అంతే. మహా కళాకారుడివి మరి! నీ మొహానికి ఓ కుందేలు గీయడం చేతకాలేదా?

నా తువ్వాలు రోజూ ఎటు పోతోందో నిన్న తెలిసింది. పడుకునేముందు చిట్టి కుర్చీ ఎక్కి, క్యాలెండర్ మేకుకి తగిలించి, సింహం మొహం కప్పేస్తోంది. పొద్దున్నే నువ్వు లేవకముందే తీసేస్తోంది. "మామయ్యకి చెప్పకమ్మా, పాపం బాధపడతాడు" అంది.

మరిచిపోయా. ఎందుకు చెరిపేశావని అది అడిగితే, "నేను గీసిన సింహం నాకే నచ్చలేదు" అని చెప్పు. ఆ ఒక్క పనైనా సరిగ్గా ఏడువు.

అక్క